ఫ్రెంచ్ ఆల్ప్స్‌లో మొదటి స్కీ ట్రిప్, లే జే ఊరు: మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

నవంబర్ వచ్చిందంటే చాలు, యూరప్‌లో ఉన్న మనవాళ్ళకి ఆఫీసులో పక్క సీటువాడు స్కీయింగ్‌కి వెళ్తున్నాడని తెలుస్తుంది, ఇక మనం కూడా వెళ్దామా అని మొదలు, ఆ వెనకే ప్రశ్నలు. ఒక్కొక్కళ్ళకీ విడిగా చెప్పేకన్నా ఒకచోట రాసి పెడితే సరిపోతుందని ఇది రాస్తున్నా. రాసిందంతా ఫ్రాన్స్‌లో ఓత్-సవోయ్ జిల్లాలో ఉన్న లే జే అనే ఊరి గురించి, కానీ ఇందులో సగానికి పైగా ఫ్రెంచ్ ఆల్ప్స్‌లో ఏ ఊరికైనా పనికొస్తుంది. స్కీ అంటే అస్సలు తెలియనివాళ్ళ కోసం ఇది. స్కీ ఇప్పటికే వచ్చినవాళ్ళకి బోర్ కొడుతుంది, ముందే చెప్తున్నా.

ఇన్ని పేరున్న రిసార్ట్‌లు ఉండగా లే జే ఎందుకు?

ఎందుకంటే అది నిజంగా ఊరు. ఫ్రాన్స్‌లో చాలా స్కీ రిసార్ట్‌లు 1960ల్లో ఖాళీ కొండ మీద కాంక్రీట్ బిల్డింగులు పెట్టి కట్టినవి, మంచు బాగుంటుంది గానీ సాయంత్రం బయటికొస్తే చూడ్డానికేం ఉండదు. లే జేలో చర్చి ఉంది, చెక్క ఇళ్ళు ఉన్నాయి, బేకరీ ఉంది, నడిబొడ్డున ఐస్ రింక్ ఉంది, పాత కాలపు మ్యూజిక్ మెషీన్ల మ్యూజియం కూడా ఒకటుంది. ఊరు 1,172 మీటర్ల ఎత్తులో ఉంటుంది. పక్కనే మోర్జిన్, దానితో కలిపి ఒకే స్కీ ఏరియా, 100 కిలోమీటర్ల పైన పిస్ట్‌లు, అంటే స్కీ చేస్తూ దిగే దారులు. ఈ రెండూ పోర్ట్ దు సొలెయ్ అనే పెద్ద నెట్‌వర్క్‌లో భాగం. ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ రెండు దేశాల్లో 12 రిసార్ట్‌లు, మొత్తం దాదాపు 600 కిలోమీటర్లు. ఆ 600 చూసి మాత్రం టెంప్ట్ అవ్వకండి, ఎందుకో కింద పాస్ (కొండ పైకి తీసుకెళ్ళే లిఫ్ట్‌లు ఎక్కడానికి కొనే టికెట్) దగ్గర చెప్తా.

ఇంకో కారణం, జెనీవా ఎయిర్‌పోర్ట్ ఇక్కడికి దగ్గర. చిన్న పిల్లల్ని పెట్టుకుని నాలుగు గంటలు బస్సులో ఘాట్ రోడ్డు ఎక్కడం కన్నా ఇది నయం.

ఎప్పుడు వెళ్ళాలి?

సీజన్ డిసెంబర్ మూడో వారం అటూ ఇటూగా మొదలై ఏప్రిల్ మొదటి రోజుల దాకా. నా ఓటు జనవరి రెండో వారం నుంచి నెలాఖరు దాకా, అంటే మన సంక్రాంతి టైమ్. న్యూ ఇయర్ జనం దిగిపోయి ఉంటారు, స్కూల్ సెలవులు ఇంకా మొదలవ్వవు, రేట్లు తగ్గుతాయి, లిఫ్ట్ దగ్గర క్యూలు ఉండవు. చలి మాత్రం గట్టిగానే ఉంటుంది, రోజు కూడా చిన్నది.

ఫిబ్రవరి జోలికి పోకపోతే మంచిది. ఫ్రాన్స్‌ని స్కూల్ సెలవుల కోసం ఎ, బి, సి అని మూడు జోన్లుగా చేశారు, ఒక్కో జోన్‌కి రెండేసి వారాలు, ఒకదాని మీద ఒకటి పడి మొత్తం నాలుగు వారాలు ఆల్ప్స్ అంతా కిటకిటలాడిపోతుంది. ఇంగ్లండ్ హాఫ్ టర్మ్ కూడా సరిగ్గా ఆ మధ్యలోనే పడుతుంది. స్కూల్‌కెళ్ళే పిల్లలుంటే వేరే దారి లేదు, ఇది నాకూ తెలుసు, కాకపోతే అప్పుడు ఇల్లు, లెసన్స్ నెలల ముందే బుక్ చేసేయాలి. మార్చి రెండో సగం కూడా బాగుంటుంది, ఎండ ఉంటుంది, సాయంత్రం ఆరు దాటినా వెలుగుంటుంది. కాకపోతే మధ్యాహ్నానికి కింద మంచు మెత్తబడి బురద బురదగా అవుతుంది, కాబట్టి పొద్దున్నే స్కీ చేసేసి వచ్చేయాలి.

వీసా ఏది తీసుకోవాలి? దిగేది స్విట్జర్లాండ్‌లో కదా?

దిగేది జెనీవా అయినా ఉండేది ఫ్రాన్స్‌లో కాబట్టి ఫ్రాన్స్ షెంగెన్ వీసానే. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికి అప్లై చెయ్యాలి, మొదట ఎక్కడ దిగుతామన్నది కాదు. స్విట్జర్లాండ్ కూడా షెంగెన్‌లోనే ఉంది కాబట్టి ఒకే వీసా రెండింటికీ పనిచేస్తుంది. జర్మనీ, నెదర్లాండ్స్ లాంటి చోట రెసిడెన్స్ పర్మిట్ ఉన్నవాళ్ళకి వీసా అక్కర్లేదు, పాస్‌పోర్ట్ పర్మిట్ రెండూ పెట్టుకుంటే చాలు. లండన్, డబ్లిన్‌లో ఇండియన్ పాస్‌పోర్ట్ మీద ఉన్నవాళ్ళకి మాత్రం వీసా కావాల్సిందే. ఫీజు పెద్దలకి 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ళ పిల్లలకి 45, ఆరేళ్ళ లోపు ఫ్రీ. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి అప్లై చెయ్యొచ్చు, డిసెంబర్, జనవరి అపాయింట్‌మెంట్లు దొరకడమే అసలు కష్టం కాబట్టి ఫ్లైట్ టికెట్ కన్నా ముందు స్లాట్లు చూస్కోండి.

జెనీవా నుంచి ఊరికి ఎలా?

దూరం 55 కిలోమీటర్లు, రోడ్డు ఖాళీగా ఉంటే గంటా, గంటంపావు. షేర్డ్ వ్యాన్లు ఎయిర్‌పోర్ట్ నుంచి ఇంటి గుమ్మం దాకా దింపుతాయి, బస్సులు కూడా ఉన్నాయి, రెండూ ముందే బుక్ చేస్కోవాలి. అప్పటికప్పుడు టాక్సీ ఎక్కితే రేటు విని కళ్ళు తిరుగుతాయి. ట్రైన్ ఇష్టమైతే జెనీవా నుంచి క్లూజ్ అనే ఊరి దాకా వచ్చి అక్కడి నుంచి బస్సు, క్లూజ్ నుంచి ఊరు 20 కిలోమీటర్లే. పారిస్‌లో ఉన్నవాళ్ళకి కూడా ఇదే దారి.

శనివారం గురించి ఒక మాట. ఇళ్ళు చాలావరకు శనివారం నుంచి శనివారానికే అద్దెకిస్తారు కాబట్టి ఆ రోజు కొండెక్కేవాళ్ళు, దిగేవాళ్ళు అందరూ ఒకే రోడ్డు మీద ఉంటారు, ఫిబ్రవరి శనివారమైతే గంట ప్రయాణం మూడు గంటలైనా ఆశ్చర్యం లేదు. ఆదివారం నుంచి ఇచ్చే ఇల్లు దొరికితే వదలకండి.

కారు అద్దెకి తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు, కానీ జెనీవా ఎయిర్‌పోర్ట్‌లో ఒక తిరకాసుంది. ఒకే ఎయిర్‌పోర్ట్‌కి స్విస్ వైపు, ఫ్రెంచ్ వైపు అని రెండు భాగాలు, రెండు వైపులా కార్ల కౌంటర్లు. ఫ్రెంచ్ వైపు తరచుగా చవగ్గా కనిపిస్తుంది, అది చూసి మనవాళ్ళు టకీమని బుక్ చేస్తారు, తీరా చూస్తే వింటర్ టైర్లు ఉండవు, వాటికి ఎక్స్‌ట్రా. స్విస్ వైపు కార్లకి చలికాలంలో మామూలుగా వింటర్ టైర్లు ఉంటాయి, స్విస్ హైవే స్టిక్కర్ కూడా ఉంటుంది. నవంబర్ 1 నుంచి మార్చి 31 దాకా ఫ్రాన్స్ కొండ ప్రాంతాల్లో వింటర్ టైర్లో, లేకపోతే డిక్కీలో చైన్లో ఉండాలని 2021 నుంచి రూల్. రూల్ సంగతి పక్కన పెట్టినా దారిలో వచ్చే తానింజ్ అనే ఊరు దాటి పైకి ఎక్కే రోడ్డు మీద మంచు పడుతున్నప్పుడు మామూలు టైర్లతో వెళ్ళడం పిచ్చి పని. ఇంకోటి, ఏ వైపు తీసుకున్న కారు ఆ వైపే తిరిగి ఇవ్వాలి, ఫ్రెంచ్ వైపుకి వెళ్ళే రోడ్డు వేరే ఉంటుంది, ఫ్లైట్ టైమ్‌కి గంట ముందు అది వెతుక్కోవడం కన్నా నరకం లేదు.

ఊళ్ళో కారు అవసరమా అంటే లేదు. అన్నీ నడిచే దూరమే, చలికాలంలో ఊరంతా తిరిగే ఫ్రీ షటిల్ ఉంటుంది. మేమైతే కారు వద్దనే చెప్తాం.

ఏ పాస్ కొనాలి? పోర్ట్ దు సొలెయ్ పాస్‌కి కొంచెమే తేడా అంటున్నారు?

అసలు డబ్బులు పోయేది ఇక్కడే, అందుకే కాస్త సాగదీసి చెప్తా. కౌంటర్‌లో రెండు రకాల పాస్‌లు ఉంటాయి. ఒకటి లే జే, మోర్జిన్‌కి మాత్రమే, రెండోది మొత్తం 12 రిసార్ట్‌లకి. పెద్ద పాస్ చూడగానే ఇంత దూరం వచ్చాం, రెండు దేశాలు, 600 కిలోమీటర్లు, కొంచెం ఎక్కువ పెడితే పోయేదేముంది అనిపిస్తుంది. నిజం ఏంటంటే మొదటి వారంలో మీరు వాడేది ఒక మ్యాజిక్ కార్పెట్ (నిలబడితే పైకి తీసుకెళ్ళే బెల్టు), రెండు మూడు లిఫ్ట్‌లు, కొన్ని గ్రీన్ రన్లు, వారం చివరికి ఓ రెండు బ్లూలు (ఈ రంగుల సంగతి కింద ఉంది). అంతే. అవన్నీ చిన్న పాస్‌లోనే ఉన్నాయి. పైగా మొదటి ఒకట్రెండు రోజులకి ఆ చిన్న పాస్ కూడా ఎక్కువే అవ్వొచ్చు, కొత్తవాళ్ళకి కొన్ని లిఫ్ట్‌లకి మాత్రమే ఉండే చవక పాస్ ఉందా అని అడగండి, లెసన్ బుక్ చేసిన స్కీ స్కూల్‌నే అడిగితే మీ గ్రూప్ ఏ లిఫ్ట్ వాడుతుందో వాళ్ళే చెప్తారు.

మిగిలిన డబ్బు టీచర్‌కి పెట్టండి. మొదటి ట్రిప్‌కి నేను చెప్పే సలహా మొత్తం ఈ ఒక్క ముక్కే, మిగతావన్నీ చిల్లర వివరాలు.

ఐదేళ్ళ లోపు పిల్లలకి పాస్ ఫ్రీ, కానీ కార్డు తీసుకోవాలి, వయసు ప్రూఫ్ అడుగుతారు. కార్డు జాకెట్ ఎడమ జేబులో పెట్టండి, గేట్ దగ్గర రీడర్ ఎడమ వైపే ఉంటుంది. అదే జేబులో ఫోన్ పెడితే కొన్నిసార్లు రీడ్ అవ్వదు, వెనకున్న క్యూ మొత్తం మిమ్మల్నే చూస్తుంది.

లెసన్స్ నిజంగా అవసరమా? యూట్యూబ్‌లో బోలెడు వీడియోలున్నాయి కదా?

అవసరం. వీడియో చూసి ఈత నేర్చుకున్నవాళ్ళు ఎంతమందో, స్కీ నేర్చుకున్నవాళ్ళూ అంతే మంది.

ఫ్రాన్స్‌లో అన్నిటికన్నా పెద్ద స్కూల్ ఇఎస్ఎఫ్, ఎర్ర జాకెట్లు వేసుకుని కొండంతా వాళ్ళే కనిపిస్తారు. అది కాక చిన్న స్కూళ్ళు కూడా చాలా ఉన్నాయి, వాటిలో గ్రూప్‌లు చిన్నవిగా ఉంటాయి. గ్రూప్ లెసన్స్ మామూలుగా వారానికి ఐదారు రోజులు, రోజుకి పొద్దునో మధ్యాహ్నమో రెండు మూడు గంటలు. బుక్ చేసేటప్పుడు ఇంగ్లిష్ గ్రూప్ కావాలని టిక్ పెట్టండి, మర్చిపోతే ఫ్రెంచ్ గ్రూప్‌లో పడతారు. ప్రైవేట్ లెసన్ గంట రేటు ఎక్కువ, కానీ ఇద్దరు ముగ్గురు ఒకే లెవెల్‌లో ఉంటే పంచుకోవచ్చు, తలకి లెక్కేస్తే మరీ అంత తేడా రాదు.

మొదటి రోజు ఎలా ఉంటుందంటే, బూట్లు వేసుకుని నడవడమే పెద్ద పని. తర్వాత చదును నేల మీద ఒక కాలికే స్కీ పెట్టి జారిస్తారు, ఆ తర్వాత రెండోది, పక్కకి మెట్లెక్కినట్టు ఎక్కిస్తారు, పడితే ఎలా లేవాలో చూపిస్తారు, అప్పుడు స్నోప్లౌ. అంటే ముందు కొనలు దగ్గరగా, వెనక కొనలు దూరంగా పెట్టి బ్రేక్ వెయ్యడం, పిల్లలకైతే పిజ్జా ముక్క అని చెప్తారు. ఆగడం వచ్చాకే తిరగడం. రెండో రోజు ఒళ్ళు నొప్పులు, మూడో రోజుకి ఏదో అర్థమవుతుంది, మామూలుగా ఆరోగ్యంగా ఉన్న మనిషి వారం చివరికి ఒక సులువైన బ్లూ దిగేస్తాడు. భయం వేస్తే వెనక్కి వాలిపోతాం, వెనక్కి వాలితే స్కీ మన మాట వినదు. బరువు ముందుకి, మోకాళ్ళు వంచి, పిక్కల ముందు భాగం బూటుకి ఆనాలి. ఇది టీచర్ వందసార్లు చెప్తారు, మీరూ వందసార్లు మర్చిపోతారు.

ఇంకో సంగతి, స్కీ వచ్చిన మొగుడు రాని పెళ్ళానికి నేర్పించడం, లేదా అటుది ఇటు, దయచేసి వద్దు. కొండ మీద తెలుగులో గొడవపడితే ఎవరికీ అర్థం కాదులే అనుకుంటారు గానీ గొంతు అందరికీ అర్థమవుతుంది.

గ్రీన్, బ్లూ, రెడ్, బ్లాక్ అంటే?

ఫ్రాన్స్‌లో పిస్ట్‌లకి నాలుగు రంగులు. గ్రీన్ అన్నిటికన్నా సులువు, తర్వాత బ్లూ, రెడ్, బ్లాక్. లే జేలో కొత్తవాళ్ళకి బాగుండేది షవాన్ వైపు, గండోలా (తీగ మీద వెళ్ళే మూసిన క్యాబిన్) ఎక్కి పైకెళ్తే వెడల్పాటి మెత్తటి స్లోప్‌లు, చుట్టూ రెస్టారెంట్లు, స్కీ చెయ్యనివాళ్ళు కూడా పైకొచ్చి కూర్చోవచ్చు. ఊరికి అటువైపున్న మోన్ షెరీ నిటారుగా ఉంటుంది, జనం తక్కువ. పొద్దున మంచు గట్టిగా ఉన్నప్పుడు బ్లూ కూడా రెడ్ లాగా అనిపిస్తుంది, సాయంత్రం గుట్టలు గుట్టలుగా అయ్యాక కూడా అంతే, కాబట్టి రంగు ఒక్కటే చూసి ధైర్యం చెయ్యకండి. తేడాగా అనిపిస్తే గండోలాలో కూర్చుని కిందికి దిగిపోండి, అందులో నామోషీ ఏం లేదు.

పిల్లల్ని ఏ వయసు నుంచి పెట్టొచ్చు?

మూడేళ్ళ నుంచి తీసుకుంటారు. ఇఎస్ఎఫ్‌లో ఆ చిన్నవాళ్ళ క్లబ్ పేరు పియూ-పియూ, కంచె కట్టిన చోట బొమ్మలు, మ్యాజిక్ కార్పెట్ పెట్టి ఆడిస్తూ నేర్పిస్తారు. తర్వాత ఊర్సాన్, ఫ్లోకోన్, ఆపైన మొదటి స్టార్, రెండో స్టార్ అలా పైకి. వారం చివర టెస్ట్, పాసైతే మెడల్. మనవాళ్ళకి ఈ సిస్టమ్ చాలా నచ్చుతుంది, ఎందుకో చెప్పక్కర్లేదు, కానీ మూడేళ్ళ పిల్లాడు మెడల్ రాలేదని ఏడవకుండా అమ్మ ఏడవడం మాత్రం బాగోదు. నా లెక్కలో ఐదేళ్ళు మంచి వయసు. మూడేళ్ళ వాళ్ళు గంట సేపు ఆడి, చలేస్తోంది, ఎత్తుకో అంటారు, డబ్బు కట్టేశాం కదా అని బలవంతం చేస్తే మళ్ళీ జన్మలో స్కీ పేరెత్తరు.

అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చి ఉన్నారు, వాళ్ళని తీసుకెళ్ళొచ్చా?

హాయిగా. నడిచేవాళ్ళ కోసం పెడెస్ట్రియన్ పాస్ వేరే ఉంటుంది, స్కీ పాస్ కన్నా బాగా చవక, దాంతో గండోలాలో పైకెళ్ళి కూర్చుని వేడిగా హాట్ చాక్లెట్ తాగి రావొచ్చు. మోన్ షెరీ 1,826 మీటర్లు, ఆకాశం క్లియర్‌గా ఉంటే అక్కడి నుంచి మోఁ బ్లాఁ ఎదురుగా కనిపిస్తుంది. అది పశ్చిమ ఐరోపాలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం, 2023లో కొలిస్తే 4,805 మీటర్లు పైచిలుకు. రాత్రిపూట అడవిలో లైట్లు, మ్యూజిక్ మధ్య నడిచే ఆల్టా లూమినా అనే దారి ఉంది, పెద్దవాళ్ళకి బాగా నచ్చుతుంది కానీ మంచులో కాసేపు నడవాలి, మోకాళ్ళ నొప్పులుంటే ఆలోచించుకోండి.

పెద్దవాళ్ళ విషయంలో అసలు రిస్క్ కొండ మీద కాదు, ఊళ్ళో ఫుట్‌పాత్ మీద. పగలు కరిగి రాత్రి గడ్డకట్టిన నీళ్ళ మీద జారి పడి చెయ్యి విరగ్గొట్టుకునేది అక్కడే. స్పోర్ట్స్ షూస్ వద్దు, గట్టి పట్టున్న బూట్లు కొనండి, బూటుకి తగిలించుకునే మేకులున్న రబ్బరు పట్టీలు దొరుకుతాయి, అవి ఇంకా మంచిది. అమ్మ చీరే కడతానంటే లోపల థర్మల్స్ వేసి కట్టుకోవచ్చు ఊళ్ళో తిరగడానికి, పైకెళ్ళేటప్పుడు మాత్రం ప్యాంట్ వేసుకోమని ఒప్పించండి.

బట్టలు ఏం కావాలి? అన్నీ కొనాలా?

జీన్స్ వద్దు, కాటన్ వద్దు. తడిస్తే ఆరవు, అక్కడితో ఆ రోజు అయిపోయినట్టే. ఒంటికి ఆనుకుని థర్మల్, దాని మీద ఫ్లీస్, పైన నీళ్ళు దిగని జాకెట్, స్కీ ప్యాంట్. గ్లవ్స్ మంచివి కొనండి, కళ్ళజోడు కాకుండా గాగుల్స్ కావాలి, మెడకి బఫ్, అంటే తల మీంచి తొడుక్కునే గుడ్డ గొట్టం. సాక్స్ ఒక్క జతే, స్కీ సాక్స్, పొడుగువి. చలని రెండు జతలు వేసుకుంటే బూటులో రక్తం ఆడక కాళ్ళు ఇంకా చల్లబడతాయి. డెకాథ్లాన్‌లో వెజ్ అనే బ్రాండ్ మొదటిసారికి చాలు, ఇదివరకు స్కీకి వెళ్ళొచ్చినవాళ్ళ దగ్గర జాకెట్ అప్పు తీసుకున్నా తప్పు లేదు. సన్‌స్క్రీన్ మాత్రం మర్చిపోవద్దు, మన రంగుకి అక్కర్లేదనుకోకండి, మంచు మీద నుంచి ఎండ తిరిగి కొడుతుంది, గాగుల్స్ ఆకారంలో మొహం రెండు రంగులవుతుంది.

స్కీలు, బూట్లు, పోల్స్, హెల్మెట్ అన్నీ ఊళ్ళో అద్దెకి. ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేస్తే తగ్గింపు బాగా ఉంటుంది. షాపులో ఎత్తు, బరువు, వయసు, షూ సైజ్ అడుగుతారు, బరువు నిజం చెప్పండి, సిగ్గుపడి ఐదు కిలోలు తగ్గించొద్దు. బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగ్ ఎంత బలానికి ఊడాలో ఆ లెక్క మీదే సెట్ చేస్తారు, తప్పు చెప్తే ఊడకూడనప్పుడు ఊడుతుంది. బూట్లు బిగుతుగా ఉండాలి గానీ నొప్పి పుట్టకూడదు, నొప్పి ఉంటే ఆ రోజే తీసుకెళ్ళి మార్పించుకోండి, మార్చడానికి డబ్బులడగరు.

వెజిటేరియన్లు ఏం తింటారు?

బతికేస్తారు, కానీ అడిగి తినాలి. అక్కడి తిండంతా చీజ్, బంగాళదుంప, బ్రెడ్. రాక్లెట్ అంటే కరిగించిన చీజ్‌ని ఉడికించిన దుంపల మీద వేసుకోవడం, పక్కన మాంసం ముక్కల ప్లేట్ వస్తుంది, అది వద్దని చెప్తే సరి. తార్తిఫ్లెట్‌లో రెబ్లోషాన్ చీజ్, దుంపలతో పాటు పంది మాంసం ముక్కలు కలిపేసి ఉంటాయి, బీఫ్, పోర్క్ తిననివాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి, సాన్ లార్దాన్ అంటే ఆ ముక్కలు లేకుండా అని. ఫాండ్యూలో మాంసం ఉండదు కానీ వైట్ వైన్ పోసే చేస్తారు. ఆనియన్ సూప్ చాలాచోట్ల మాంసం రసంతో చేస్తారు. మరీ పట్టింపు ఉన్నవాళ్ళకి ఇంకోటి, రెబ్లోషాన్, బోఫోర్ లాంటి చీజ్‌లు దూడ కడుపు నుంచి తీసే రెనెట్‌తో చేస్తారు. పిజ్జా, క్రేప్, సలాడ్, ఆమ్లెట్ ఎలాగూ ఉంటాయి.

టైమింగ్స్ చూస్కోండి, మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా, రాత్రి 7 తర్వాత, మధ్యలో ఊళ్ళో చాలా రెస్టారెంట్లలో కిచెన్ మూసేస్తారు. ఒక జగ్గు కుళాయి నీళ్ళు ఫ్రీగా ఇస్తారు, కరాఫ్ దో అని అడగండి, ఊరికే వాటర్ అంటే బాటిల్ తెచ్చి బిల్లేస్తారు.

ఇంట్లో వండుకోవచ్చా? కుక్కర్ తీసుకెళ్ళాలా?

వండుకోవాలి, లేకపోతే బడ్జెట్ తట్టుకోలేం. కిచెన్ ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి. ఎత్తులో నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి, లే జేలో 96 డిగ్రీల దగ్గర, అందుకే కందిపప్పు మామూలు గిన్నెలో ఎంతకీ ఉడకదు, చిన్న కుక్కర్ పనికొస్తుంది. స్టీల్ కుక్కర్ అయితే మేలు, స్టవ్ ఇండక్షన్ అయితే అల్యూమినియం పనిచెయ్యదు. ఆవకాయ, కారప్పొడులు, చింతపండు తెచ్చుకోండి. నెయ్యి, పాలతో చేసిన స్వీట్లు, మాంసం పచ్చళ్ళు మాత్రం ఇండియా నుంచి గానీ బ్రిటన్ నుంచి గానీ యూరోపియన్ యూనియన్‌లోకి తేకూడదు, పట్టుకుంటే పారేస్తారు. గోంగూర మటన్ సీసా చెత్తబుట్టలో పడితే ఆ బాధ వేరు.

సామాన్లు కొనేది దారిలో క్లూజ్‌లో, ఊళ్ళో షాపుల్లో రేట్లెక్కువ. మధ్యాహ్నానికి పులిహోర, చపాతీ రోల్ కట్టుకుని పైకెళ్ళొచ్చు, ఇంటి నుంచి తెచ్చుకున్నది తినడానికి కొన్నిచోట్ల సాల్ ఓర్-సాక్ అని గది ఉంటుంది.

అపార్ట్‌మెంట్ బుక్ చేసేటప్పుడు ఏం చూడాలి?

నలుగురికి స్టూడియో అని రాసి ఉంటే నమ్మకండి, సోఫా ఒక బెడ్, తలుపు పక్కన సందులో రెండు బంక్‌లు, అదే నలుగురికి. చదరపు మీటర్లు చూడండి. దుప్పట్లు, టవల్స్, చివరి క్లీనింగ్ రేటులో ఉన్నాయో లేదో చూడండి, చాలాసార్లు ఉండవు. డిపాజిట్, టూరిస్ట్ ట్యాక్స్ వేరే. లిఫ్ట్‌కి ఎంత దూరమో మ్యాప్‌లో స్వయంగా కొలవండి, స్కీ బూట్లతో 300 మీటర్లు ఎత్తెక్కడం అంటే మామూలుగా కిలోమీటర్ నడిచినట్టే. బూట్లు ఆరబెట్టుకునే స్కీ రూమ్ ఉంటే ప్లస్.

మంచు లేకపోతే?

ఇది లే జే బలహీనత, దాచను. ఊరు తక్కువ ఎత్తులో ఉంది. 2022 డిసెంబర్ చివర, 2023 జనవరి మొదట్లో వేడి ఎక్కువై వానలు పడి ఫ్రాన్స్ మొత్తంలో సగం పిస్ట్‌ల దాకా మూతపడ్డాయి, ఎక్కువ దెబ్బ తిన్నది ఇలా తక్కువ ఎత్తులో ఉన్న ఊళ్ళే. మెషీన్లతో మంచు తయారుచేస్తారు కానీ వాటికీ గాలి చల్లగా ఉండాలి, వేడి గాలిలో అవీ పనిచెయ్యవు. అలాంటప్పుడు దారి ఏంటంటే మోర్జిన్ అవతల 1,800 మీటర్ల ఎత్తులో అవోరియాజ్ ఉంది, అక్కడ మంచు నిలుస్తుంది. ఆ రోజుకి పెద్ద పాస్ తీసుకుని బస్సులో వెళ్ళి రావొచ్చు. కార్లు తిరగని ఊరది, గుర్రపు బళ్ళు తిరుగుతాయి. ఆ ఊరు కట్టాలన్న ఆలోచన వెనక ఉన్న మనిషి మోర్జిన్‌లో పెరిగిన జాఁ వ్వార్నే, 1960 ఒలింపిక్స్‌లో డౌన్‌హిల్ గోల్డ్ కొట్టాడు, అది కూడా చెక్క స్కీలు కాకుండా మెటల్ స్కీల మీద.

అవోరియాజ్ దాకా వెళ్ళాక స్విస్ బోర్డర్ అక్కడే, స్కీల మీదే దాటొచ్చు. కొత్తవాళ్ళు వద్దు, ఆ సరిహద్దు దగ్గరే స్విస్ వాల్ అని పేరుమోసిన నిటారు రన్ ఉంది, బోర్డులు చూసుకోకుండా వెళ్తే దాని అంచున తేలతారు. వెళ్ళేవాళ్ళు పాస్‌పోర్ట్ పెట్టుకోండి, ఫోన్‌లో డేటా ఆఫ్ చెయ్యండి. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు కాబట్టి ఫ్రీ రోమింగ్ చాలా ప్లాన్లలో పనిచెయ్యదు, కొండ మీద ఫోన్ తనంతట తానే స్విస్ టవర్ పట్టుకుంటుంది, బిల్లు తర్వాత తెలుస్తుంది.

ఇన్సూరెన్స్ వీసాకి తీసుకున్నది చాలదా?

చాలకపోవచ్చు. వీసాకి అడిగేది 30,000 యూరోల మెడికల్ కవర్, అందులో చాలా పాలసీలు వింటర్ స్పోర్ట్స్ తీసేస్తాయి, పాలసీ తెరిచి ఆ పదం ఉందో లేదో చదవండి. ఫ్రాన్స్‌లో పిస్ట్ మీద దెబ్బ తగిలితే స్లెడ్జ్ మీద కిందికి దించినందుకు బిల్లు వస్తుంది, ఎంత పై నుంచి దించితే అంత ఎక్కువ, హెలికాప్టర్ అయితే చెప్పక్కర్లేదు. బ్రిటన్‌లో ఉన్నవాళ్ళ జిహెచ్ఐసి కార్డు ప్రభుత్వ ఆస్పత్రి ఖర్చుకి పనికొస్తుంది, కొండ మీద నుంచి దించినందుకు కాదు. స్కీ పాస్ కొనేటప్పుడు కారె నెజ్ అని రోజుకి మూడు నాలుగు యూరోల ఇన్సూరెన్స్ కలుపుతారు, ఇంకేం లేకపోతే కనీసం అది తీసుకోండి.

ప్రమాదం జరిగితే?

112కి ఫోన్. పడిపోయిన మనిషికి పైన, ఎగువ వైపు స్కీలు రెండూ ఇంటూ ఆకారంలో గుచ్చి పెట్టండి, వచ్చేవాళ్ళు చూసి తప్పుకుంటారు. దగ్గర్లో ఉన్న పిస్ట్ పోల్ మీద పేరు, నంబర్ ఉంటాయి, అది చెప్తే రెస్క్యూ వాళ్ళు త్వరగా వస్తారు. హెల్మెట్ ఫ్రాన్స్‌లో చట్టప్రకారం తప్పనిసరి కాదు, కానీ పెట్టుకోకుండా వెళ్ళడం తెలివితక్కువ పని. మీ ముందు, కింద ఉన్నవాళ్ళకే హక్కు, వాళ్ళని తప్పించుకోవడం పైనుంచి వచ్చే మీ బాధ్యత. ఫోటోల కోసం పిస్ట్ మధ్యలో, మలుపు కింద ఆగకండి, పక్కకి రండి. పిస్ట్ దాటి ఆ తెల్లటి తాకని మంచులోకి ఒక్క రీల్ తీసుకుని వస్తాం అనేవాళ్ళకి ఒకటే మాట, అవలాంచ్‌కి (కొండ మీద నుంచి విరిగి పడే మంచు చరియ) రీల్ సంగతి తెలియదు.

హైదరాబాద్ నుంచి స్కీ కోసమే ఇంత దూరం రావాలా?

స్కీ కోసమే అయితే వద్దు. గుల్మార్గ్ ఉంది, గండోలాలో 3,900 మీటర్ల పైకి వెళ్తుంది, కింద కొత్తవాళ్ళకి చదునైన స్లోప్‌లున్నాయి. ఔలీ ఉంది. వీసా, ఫ్లైట్ ఖర్చులో పదో వంతుకి స్కీ మీకు నచ్చుతుందో లేదో తేలిపోతుంది. యూరప్‌లో పిల్లలో, అన్నదమ్ములో ఉండి ఎలాగూ వస్తుంటే అప్పుడు ఓ నాలుగు రోజులు ఇటు కలపండి.

ఫ్రెంచ్ రాదు, పర్వాలేదా?

పర్వాలేదు, ఇంగ్లిష్ వాళ్ళు ఎక్కువ వచ్చే ఊరది. షాపులోకి అడుగుపెట్టగానే బోన్‌జూర్ అనండి, అది అనకుండా నేరుగా రేటు అడిగితే మొహం మాడ్చుకుంటారు.

మొత్తం వారానికి ఎంతవుతుంది?

వారాన్ని బట్టి, ఇంటిని బట్టి రెట్టింపు తేడా వస్తుంది కాబట్టి ఒక అంకె చెప్పను. లెక్క వేసే పద్ధతి చెప్తా. పాస్ పెద్దవాళ్ళకి రోజుకి 50 యూరోల పైనే వేసుకోండి, దాని మీద అద్దె స్కీలు, లెసన్స్, అపార్ట్‌మెంట్, ఫ్లైట్, వ్యాన్, ఇన్సూరెన్స్, బయట తిండి. ఇందులో మీ చేతిలో ఉన్నవి మూడే: ఏ వారం వెళ్తారు, ఎన్ని రోజులు పాస్ కొంటారు, ఎన్నిసార్లు బయట తింటారు. ఆరు రోజులూ స్కీ చెయ్యాలని రూల్ లేదు, నాలుగో రోజుకి తొడలు ఎలాగూ పైకి లేవవు, ఆ రోజు ఐస్ రింక్‌కో స్లెడ్జింగ్‌కో వెళ్ళండి. ఖర్చు తగ్గించాల్సి వస్తే ఇల్లు చిన్నది చెయ్యండి, పాస్ రోజులు తగ్గించండి, లెసన్స్ మాత్రం కొయ్యకండి. జనవరికి వెళ్ళాలనుకుంటే ఇల్లు, లెసన్స్ సెప్టెంబర్, అక్టోబర్‌లో చూడటం మొదలుపెట్టండి, ఫిబ్రవరి అయితే అంతకన్నా ముందే.